అగ్నివీర్‌కు పోవాలనుకుంటున్నావా తమ్మీ? గ్రౌండుకు పోయే ముందు ఇంట్లోనే ఇవి చూసుకో

"అన్నా, నా ఎత్తు 165 ఉంది, తీసుకుంటరా?" నెలలో పదిసార్లన్నా ఈ ప్రశ్న వస్తుంది. దాని వెనకే ఇంకోటి, "అన్నా, బైపీసీ చదివిన, క్లర్కుకు పెట్టొచ్చా?" నేను ఫౌజులో చేసి వచ్చి ఊళ్లో ఉంటున్నవాణ్ణి, అందుకని దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ఎవరికి డౌటు వచ్చినా నా ఫోనే మోగుతుంది. ఒక్కొక్కరికి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, ఇక రాసి పెడితే చదువుకుంటారని ఇది రాస్తున్నా.

ఒక్క మాట ముందే చెప్తా. మన దిక్కు పిల్లలు ఉరకలేక ఓడిపోవడం నేను పెద్దగా చూడలేదు. ఏడాదంతా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఉరికినవాళ్లు ఎత్తు దగ్గరో, మెమోలో పేరు దగ్గరో, ఊడిపోయిన దవడ పన్ను దగ్గరో ఆగిపోయి వస్తున్నారు. అవన్నీ ఇంట్లో కూర్చుని ఒక్క పూటలో చూసుకోగలిగినవే. అందుకే ముందు కాయితం, ఒళ్లు చూసుకో, తర్వాతే గ్రౌండు.

ఇది ఆర్మీ అగ్నివీర్ గురించి మాత్రమే. నేవీకి, ఎయిర్‌ఫోర్సుకు నోటిఫికేషన్లు వేరు, కొలతలు వేరు. ఆఫీసర్ కావాలంటే దారే వేరు, ఇంటర్ తర్వాత ఎన్డీయే, డిగ్రీ తర్వాత సీడీఎస్, రెండూ యూపీఎస్సీ పెట్టే పరీక్షలు. మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి ఎన్డీయే గుండా పోయినవారు. 2020 జూన్‌లో ఆయన గల్వాన్‌లో అమరుడైన తర్వాత "సంతోష్‌బాబు లెక్క కావాలన్నా" అంటూ వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు, కానీ వచ్చి నింపేది అగ్నివీర్ ఫారం. మంచి మార్కులున్న పిల్లవాడైతే నేను మొదట ఎన్డీయే పుస్తకం కొనుక్కోమంటా.

ఇంట్లో వాళ్లకు కూడా నిజం చెప్పు. అగ్నివీర్ అంటే 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద తీసుకునే సిపాయి, ఇందులో సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత ఉంచుకునేది నూటికి 25 మంది దాకా, మిగతావాళ్లు ఇంటికి రావాలి. మొదటి ఏడాది జీతం నెలకు 30,000, అందులో 30 శాతం నిధికి పట్టుకుంటారు కాబట్టి చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాదికి 40,000, చేతికి 28,000. పట్టుకున్న దానికి సమానంగా ప్రభుత్వం కూడా వేస్తుంది, బయటికి వచ్చేటప్పుడు వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు. సర్వీసులో ఉన్నన్నాళ్లు 48 లక్షల బీమా ఉంటుంది. నాలుగేళ్లకే బయటికి వచ్చినవాళ్లకు పింఛను లేదు, "పింఛనొస్తది నాయినా" అని చెప్పి ఒప్పించకు.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆధార్, పాన్ కార్డు, నీ పేరున బ్యాంకు ఖాతా. నీ సొంత ఫోన్ నంబరు, నీ సొంత ఈమెయిల్. ఒక టైలర్ టేపు, ఒక స్కేలు. ఇవి చాలు మొదలుపెట్టడానికి. మిగతా సర్టిఫికెట్లు తర్వాత చెప్తా.

1. వయసు, పెళ్లి

పథకం పెట్టినప్పుడు చెప్పిన వయసు 17½ నుంచి 21. 2022లో ఒక్కసారి 23 దాకా ఇచ్చారు, ఆ మాట పట్టుకుని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఏళ్లు లెక్కపెట్టుకోవద్దు. ప్రతి నోటిఫికేషన్‌లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ మధ్య పుట్టినవాళ్లు అని ఉంటుంది, నీ పదో తరగతి మెమోలో ఉన్న తేదీ ఆ రెండింటి మధ్య పడిందా లేదా, అంతే. ఆధార్‌లో ఉన్న తేదీ కాదు, మెమోలోది.

పెళ్లి కాకూడదు. నాలుగేళ్ల సర్వీసులో కూడా చేసుకోకూడదు. మేనమామ కూతురితో మాట అనుకుని ఉంటే ఆ సంగతి పెద్దలతో ఇప్పుడే మాట్లాడుకోండి.

2. చదువును బట్టి ఏ పోస్టు

జనరల్ డ్యూటీ, అంటే మనవాళ్లు జీడీ అనేది: పది పాసు, మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33. గ్రేడ్ల మెమో ఉన్నవాళ్లు కంగారు పడకండి, ప్రతి సబ్జెక్టులో కనీసం డి, మొత్తం మీద సీ2 ఉండాలి.

టెక్నికల్: ఇంటర్ ఎంపీసీ, మొత్తం 50 శాతం, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్‌లో ఒక్కోదాంట్లో 40. ఐటీఐ, డిప్లొమా వాళ్లకు కూడా దారి ఉంది, ఏ ట్రేడులు అనేది నోటిఫికేషన్‌లో చూడు.

క్లర్కు, స్టోర్‌కీపర్: ఇంటర్‌లో 60 శాతం, ప్రతి సబ్జెక్టులో 50. దీంతోపాటు ఇంగ్లిష్‌లోనూ, లెక్కలు లేదా అకౌంట్స్‌లోనూ 50 ఉండి తీరాలి. అందుకే బైపీసీ తమ్ముళ్లకు ఇది పనికిరాదు, మీకు జీడీ ఉంది. హెచ్‌ఈసీ వాళ్లదీ అదే కథ. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, వెయ్యికి 640 వచ్చాయి కదా అని ధైర్యంగా పెట్టేస్తారు, తీరా చూస్తే ఒక పేపర్లో సగం దాటలేదు. మెమో ముందర పెట్టుకుని ఒక్కో సబ్జెక్టుకు శాతం కట్టు, మొత్తం చూసి వదిలేయకు.

ట్రేడ్స్‌మెన్, అంటే వంట, కుట్టు లాంటి పనుల పోస్టులు: పది పాసుతో కొన్ని, ఎనిమిది పాసుతో హౌస్ కీపర్, మెస్ కీపర్. ప్రతి సబ్జెక్టులో 33 కావాలి.

రిజర్వేషన్ గురించి కూడా అడుగుతుంటారు. ఈ భర్తీలో కులాన్ని బట్టి పోస్టులు ఉండవు. అయినా కుల సర్టిఫికెట్ అడుగుతారు, అది వేరే సంగతి.

3. ఎత్తు, ఛాతీ

తెలంగాణ వాళ్లకు జీడీకి 166 సెంటీమీటర్లు, ట్రేడ్స్‌మెన్‌కూ 166, టెక్నికల్‌కు 165, క్లర్కుకు 162. అంటే పైన అడిగిన 165 తమ్ముడు జీడీకి ఆగిపోతాడు, ఎంపీసీ అయితే టెక్నికల్‌కు పెట్టుకోవచ్చు. అర్థమైంది కదా, అందుకే చదువూ ఎత్తూ కలిపి చూడాలి. ఛాతీ మామూలుగా 77, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి.

ఎలా కొలవాలి: చెప్పులు, సాక్సులు విప్పు. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించు. తల మీద అట్ట పుస్తకం గోడకు నిటారుగా పెట్టించి, దాని అడుగున పెన్సిలుతో గీత పెట్టించు, నువ్వే పెట్టుకోకు. జుట్టు ఎత్తుగా ఉంటే అణచమను. పొద్దున లేచాక ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలువు, ఎందుకంటే రోజంతా నిలబడితే ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది. రెండింట్లో తక్కువదే నీ ఎత్తు అనుకో. బరాబర్ 166 ఉన్నవాడు ర్యాలీ రోజు, అంటే గ్రౌండులో ఉరికించి కొలతలు తీసే రోజు, ఎక్కువసేపు నిలబడకుండా, బరువులు మోయకుండా ఉంటే మంచిది.

ఫౌజీల కొడుకులకు ఎత్తులో 2 సెంటీమీటర్ల సడలింపు ఉంది. గుర్తించిన గిరిజన ప్రాంతాల వాళ్లకూ సడలింపు ఉంది, కానీ తండా తమ్ముళ్లు ఎస్టీ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుని పోవద్దు. ఆ లైను నిదానంగా చదివి, నీ మండలానికి వర్తిస్తుందా అని సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసులో అడిగి తెలుసుకో. తెలంగాణ జిల్లాలన్నీ ఆ ఆఫీసు కిందికే వస్తాయి.

4. పేరు, ఇంటిపేరు, జిల్లా పేరు

ఇది నిదానంగా చదువు. మనకు ఇంటిపేరు ముందు రాసే అలవాటు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంకులో పేరు తర్వాత ఉంటుంది. తండాల్లో ఇంకా కష్టం, తండ్రి పేరు మెమోలో ఒట్టి పేరుగా ఉండి ఆధార్‌లో చివర నాయక్ చేరి ఉంటుంది. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషివే, కానీ కాయితాలు చూసేవాడు రాజస్థాన్ వాడో బిహార్ వాడో, అతనికి రెండు పేర్లంటే ఇద్దరు మనుషులు.

చేయాల్సింది: ఒక తెల్లకాయితం మీద నాలుగు గడులు గీసి నీ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ రాయి. ఒక్కో గడికి ఎదురుగా పది మెమోలో ఎలా ఉంది, ఇంటర్ మెమోలో ఎలా ఉంది, ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకు పాసుబుక్కులో ఎలా ఉంది, ఇంగ్లిష్ స్పెల్లింగుతో సహా దించు. తేడా కనబడితే పది మెమోకు తగ్గట్టు మిగతావి మార్పించు, మెమోను మార్చే పని పెట్టుకోకు. ఆధార్ మార్పు కొన్ని రోజుల పని. మెమో మార్పు అంటే స్కూలు హెడ్మాస్టరు ద్వారా హైదరాబాద్ పరీక్షల విభాగం దాకా పోవాలి, నెలలు పడుతుంది. మెమోలోనే నిజంగా తప్పు ఉంటే మాత్రం ఈ రోజే మొదలుపెట్టు, నోటిఫికేషన్ కోసం ఆగకు.

జిల్లా సంగతి కూడా ఉంది. 2016లో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత పాలమూరు 2019లో నారాయణపేట కూడా విడిపోయాక ఐదైంది. నీ చిన్నప్పటి కుల సర్టిఫికెట్‌లో మహబూబ్‌నగర్ అని ఉండి, నువ్వు ఫారంలో నాగర్‌కర్నూల్ పెడితే అక్కడ జవాబు చెప్పుకోవాలి. మీసేవలో కొత్తవి తీసుకో, కులం, నివాసం రెండూ. నివాస సర్టిఫికెట్ మీద ఫొటో కావాలంటారు, లేకపోతే తహసీల్దార్ ఆఫీసులో ఫొటో అతికించి దాని మీద సగం పడేలా ముద్ర వేయించు. అమ్మానాన్న పనులకు ముంబయికో పుణేకో పోతే అక్కడే కొన్నేళ్లు చదివిన పాలమూరు పిల్లలు ఉంటారు, వాళ్లు ఆ స్కూలు టీసీ, చదివిన సర్టిఫికెట్లు ముందే తెప్పించి పెట్టుకోవాలి.

మా ఇంట్లో జరిగిందే చెప్తా. మా అక్క కొడుకు ఫారం ఒక నెట్ సెంటర్లో నింపించాడు. ఆ పిల్లగాడు మెమో చూడకుండా ఆధార్ చూసి కొట్టాడు, పైగా తన ఫోన్ నంబరే పెట్టాడు. ఓటీపీలు, మెసేజులు అన్నీ అతని ఫోనుకే. హాల్‌టికెట్ వచ్చిందని మావాడికి తెలిసేసరికి పరీక్షకు రెండు రోజులే మిగిలాయి. ఎట్లనో పరీక్ష రాశాడు, కానీ తర్వాత సర్టిఫికెట్లు చూసేటప్పుడు పేరు దగ్గర పట్టుకున్నారు.

5. పళ్లు, కాళ్లు, చెవులు, కళ్లు

మన నల్లగొండ నీళ్ల సంగతి కొత్తగా చెప్పాల్సింది లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరైడ్ తాగి పెరిగినవాళ్లకు పళ్ల మీద గారలు, కొందరికి మోకాళ్లు లోపలికి వంగడం. భగీరథ నీళ్లు వచ్చాక పెరిగిన పిల్లలకు నయం, కానీ చిన్నప్పుడు బోరు నీళ్లు తాగినవాళ్లు అనుమానం ఉంటే ఇప్పుడే చూపించుకోండి.

పళ్లకు పాయింట్ల లెక్క ఉంటుంది, కనీసం 14 రావాలి. ఊడిపోయినవి, పుచ్చిపోయినవి, కదిలేవి లెక్క తగ్గిస్తాయి. పళ్ల డాక్టరు దగ్గరికి పోయి "ఆర్మీ మెడికల్ ఉంది, 14 డెంటల్ పాయింట్లు వస్తాయా" అని సూటిగా అడుగు. పుచ్చినవి పూడిపించు. ర్యాలీకి వారం ముందు కాదు, నెలల ముందు.

మోకాళ్లు: అద్దం ముందు నిలబడి రెండు మోకాళ్లు తాకేలా పెట్టు. అప్పుడు మడమల మధ్య బాగా సందు మిగిలితే అనుమానించాలి. పాదాలు తడిపి బండ మీద అచ్చు వేయి, పాదం మధ్యలో వంపు కనబడకుండా మొత్తం అచ్చు పడితే సపాటు పాదం. ఈ రెండూ ఎముకల డాక్టరుకు చూపించు.

చెవుల్లో గులిమి తీయించుకో, అది ఉంటే లోపల చూడలేక ఆపేస్తారు. అగ్గిపుల్లతో, పిన్నీసుతో గెలుక్కోకు, కర్ణభేరికి దెబ్బ తగిలితే మొదటికే మోసం. కళ్లకు దూరపు చూపు, రంగుల గుర్తింపు రెండూ చూస్తారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనిది చాలామందికి డాక్టరు చెప్పేదాకా తెలియదు. మొలలు, వరిబీజం, అరచేతుల్లో అతిగా చెమట పట్టడం, ఇవన్నీ చూస్తారు, సిగ్గుపడి దాచితే అక్కడ దాగదు.

పచ్చబొట్టు ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడున్నా కష్టం. గిరిజన ఆచారం ప్రకారం వేసినవాటికి మినహాయింపు ఉంది.

6. ఫారం

జాయిన్ ఇండియన్ ఆర్మీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనే నింపాలి. గత కొన్నేళ్లుగా ఫిబ్రవరికీ ఏప్రిల్‌కూ మధ్య తెరుస్తున్నారు. ఫీజు 250 రూపాయలు, మిగతా సగం ఆర్మీ కట్టుకుంటుంది. నెట్ సెంటర్‌కు పోయినా పక్కనే కూర్చుని, మెమో చూసి నువ్వే అక్షరం అక్షరం చెప్పు. నీ నంబరు, నీ ఈమెయిల్, పాస్‌వర్డు నీ నోటుబుక్కులో. 2025 నుంచి అర్హత ఉంటే రెండు పోస్టులకు పెట్టుకునే వీలుంది. డబ్బు కట్టాక రోల్ నంబరు వచ్చిందో లేదో చూసుకుని ప్రింటు తీసుకుని లేవు, డబ్బు కట్ అయింది కదా అని లేచి రాకు.

7. రాతపరీక్ష

2023 నుంచి రాతపరీక్షే ముందు. కంప్యూటర్ మీద, జీడీకి గంటలో 50 ప్రశ్నలు, 100 మార్కులు, పాసు 35. జీకే, సైన్సు, లెక్కలు, కాస్త రీజనింగ్. 2025 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. తప్పుకు అర మార్కు పోతుంది, అంటే నాలుగు తప్పులకు ఒక కరెక్టు జవాబు గల్లంతు. 35 వస్తే పిలుస్తారనుకోకు, పోటీని బట్టి కటాఫ్ పైనే ఉంటుంది. పదో తరగతి లోపలి లెక్కలూ సైన్సూ మళ్లీ చదవడమే దారి, కోచింగుకు అప్పు చేయకు.

8. గ్రౌండు

1.6 కిలోమీటర్లు, అంటే 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు. 5 నిమిషాల 30 సెకన్లలో వస్తే జీడీకి పూర్తిగా 60 మార్కులు, 5:45 లోపు 48. 2025లో 6:15 దాకా వచ్చినవాళ్లనూ తీసుకున్నారు కానీ ఆ చివరి గ్రూపుకు 24 మార్కులే. బీమ్, అంటే కడ్డీ పట్టుకుని తీసే పుల్‌అప్స్, పది తీస్తే 40, ఆరే తీస్తే 16. తొమ్మిది అడుగుల గోయి దూకాలి, జిగ్‌జాగ్ బ్యాలెన్సు దాటాలి, ఈ రెండింటికీ మార్కుల్లేవు, పాసైతే చాలు.

ఫోన్ యాప్ చెప్పిన దూరం నమ్మొద్దు, అది కొలిచే తీరులో తేడా వస్తుంది. "నాకు ఐదు పది వస్తుందన్నా" అని చెప్పినవాణ్ణి కొలిచిన ట్రాకు మీద ఉరికిస్తే ఐదు యాభై దాటాడు. నల్లగొండలో ఎన్జీ కాలేజీ గ్రౌండో, పాలమూరులో ఎంవీఎస్ కాలేజీ గ్రౌండో, ఎక్కడ ఉరికినా ముందు టేపుతో రౌండు కొలుచుకో. రౌండుకు 82 సెకన్లు దాటకుండా నాలుగూ రావాలి. మొదటి రౌండు 70లో కొట్టి మూడో రౌండులో కూలబడేవాళ్లే ఎక్కువ.

తారు రోడ్డు మీద రోజూ ఉరికితే పిక్కల ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది, మట్టి దారి వెతుక్కో. మే నెల ఎండలో తొమ్మిదింటికి ఉరకడం మగతనం కాదు. బీమ్‌కు వేపకొమ్మ అయినా సరే, చేతులు పూర్తిగా చాపి కిందికి దిగి మళ్లీ గడ్డం పైకి రావాలి, సగం సగం తీసినవి అక్కడ లెక్కపెట్టరు. ఎవడో జిమ్ వాడు ఇచ్చే ఇంజెక్షన్లు, పొడులు ముట్టకు.

9. ర్యాలీ సంచి

ర్యాలీ ఎక్కడ పెడితే అక్కడికి పోవాలి, 2024 డిసెంబర్‌లో గచ్చిబౌలి, 2025 నవంబర్‌లో హనుమకొండ. అర్ధరాత్రి నుంచే లైను ఉంటుంది కాబట్టి ముందురోజు సాయంత్రానికే చేరుకో.

సంచిలో: హాల్‌టికెట్ ప్రింటు, ఒరిజినల్ మెమోలు, నివాసం, కులం సర్టిఫికెట్లు, స్కూలు ఇచ్చిన నడవడిక సర్టిఫికెట్, సర్పంచ్ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన నడవడిక సర్టిఫికెట్, పెళ్లి కాలేదన్న సర్టిఫికెట్ (ఈ రెండూ ఆరు నెలల లోపువి), పోలీసు సర్టిఫికెట్, నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనా ప్రకారం అఫిడవిట్, ఎన్‌సీసీ, ఆటల సర్టిఫికెట్లు ఉంటే అవి, అన్నింటికీ అటెస్ట్ చేయించిన రెండేసి జిరాక్సులు. తెల్ల బ్యాక్‌గ్రౌండుతో ఇరవై ఫొటోలు, ఈ మధ్య దిగినవి, గడ్డం గీసుకుని దిగినవి. చార్జింగు, డేటా ఉన్న స్మార్ట్‌ఫోను, ఎందుకంటే ఫౌజు జీవితంలో ఇమడగలవో లేదో చూసే అడాప్టబిలిటీ టెస్టు ఫోన్ మీద పెడుతున్నారు. తినడానికి అరటిపళ్లు, నీళ్లు. ఉరికే ముందు కడుపు నిండా తినకు.

10. మెడికల్, రివ్యూ

అన్‌ఫిట్ రాస్తే అక్కడే ఏడ్చుకుంటూ ఇంటికి రావొద్దు. ఏ కారణం రాశారో చదువు, రివ్యూ మెడికల్ కావాలని చెప్పు, ఏ మిలిటరీ ఆసుపత్రికి ఎప్పటిలోగా పోవాలో కాయితం మీద ఉంటుంది. గులిమి, పుచ్చు పన్ను లాంటివి ఆ లోపల సరిచేసుకుని గట్టెక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. తేదీ దాటితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ఈ దశలోనే తగులుతారు బ్రోకర్లు. "మెడికల్‌లో మనోడున్నడు, రెండు లక్షలియ్యి" అంటాడు, నమ్మకానికి ఒరిజినల్ మెమోలు అడుగుతాడు. నువ్వు నీ బలంతో పాసైతే తానే చేయించానంటాడు, ఫెయిలైతే ఫోన్ ఎత్తడు, మెమోలు ఇయ్యడు. నాన్నలకు కూడా ఒక మాట, పెద్దలు మీరు, ఎకరం అమ్మి ఇలాంటివాడి చేతిలో పెట్టకండి.

ఫలితాలు రోల్ నంబర్ల జాబితాగా అదే వెబ్‌సైటులో పెడతారు. వాట్సాప్‌లో తిరిగే జాబితా కాదు, నువ్వే లాగిన్ అయి చూడు, నీ నంబరు చివరి అంకె దాకా కలుస్తుందో లేదో చూడు. నంబరు ఉంటే మిఠాయిలు పంచుకో, కానీ ట్రైనింగుకు బండెక్కేదాకా కొత్త పచ్చబొట్టు వేయించుకోకు, ముగ్గురెక్కిన బైకు ఎక్కకు, పీర్ల పండుగలో గుండం దూకకు.